కళ్ళు మూసుకుని సంచి సర్దిన మనిషి

పోయిన నెల ఢిల్లీలో పని పడి విమానాశ్రయంలో తనిఖీ వరసలో నిలబడ్డాను. నా ముందున్న అమ్మాయి సంచిని పక్కకు తీసి తెరవమన్నారు. అందులోంచి నల్ల రబ్బరు గొట్టాలు చుట్టలు చుట్టుకుని బయటికొచ్చాయి. ఒక కొసన ఇత్తడి ముద్ద, ఇంకో కొసన నోట్లో పెట్టుకునే పిడికిలంత డబ్బా. తనిఖీ చేసే అతను "యే క్యా హై?" అన్నాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి తడబడింది. వెనక నుంచి నేనే చెప్పేశాను.

"నీళ్ళ కింద గాలి పీల్చుకునేది సార్. రెగ్యులేటర్ అంటారు. సిలిండర్ లేకుంటే అది ఉత్త గొట్టమే."

ఇద్దరూ తిరిగి నన్ను చూశారు. యాభై దాటిన వయసు, ముందుకొచ్చిన పొట్ట. నాకు ఈత కూడా రాదు. ఆ రెగ్యులేటర్ సంగతి నాకు చెప్పిన మనిషి పోయి పద్నాలుగు నెలలు.

ఆయన మా నీళ్ళ ఆఫీసులో డైవర్. నేను అక్కడ స్టోర్ కీపర్‌ని. ఆయన ఇల్లు ఫలక్‌నుమాలో, మాది యాకుత్‌పురా. ఆఫీసులో అందరూ ఆయన్ని డైవర్ సాబ్ అనేవాళ్ళు. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అనేవాడు.

నగరానికి నీళ్ళిచ్చే జలాశయాల అడుగున తూము తలుపులుంటాయి. వాటికి చెత్త, తెగిపోయిన వలలు, ఒక్కోసారి ఏకంగా చెట్టు మొద్దులు అడ్డం పడతాయి. ఆయన దిగి వాటిని తీయాలి, విరిగిన బోల్టు ఉంటే మార్చాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తాడు చుట్ట ఇవ్వడానికి గట్టు మీదికి వెళ్ళాను. ఆయన అప్పుడే పైకొచ్చాడు. మీసాల నుంచి చెవుల దాకా బురద.

"లోపల ఏం కనబడ్తది అన్నా?" అని అడిగాను.

"ఏం కనబడదు తమ్మీ. మూరెడు దిగినంక మొత్తం చాయ రంగు. ఇంక కిందికి పోతే నల్లగ. చెయ్యి పెట్టి చూసుడే."

"మరి ఆ అద్దమెందుకు?"

"కండ్లల్ల బురద పోకుంట."

అది వేళాకోళం అనుకున్నాను. కాదు. ముప్పై రెండేళ్ళు ఆ మనిషి నీళ్ళ అడుగున చేతులతోనే పని చేశాడు. ఆ అలవాటు పైన కూడా పోలేదు. ఏదైనా శ్రద్ధగా చేయాలంటే ముందు కళ్ళు మూసుకునేవాడు. సొరుగులో తాళంచెవి వెతకాలన్నా, బండి మీద టమాటాలు ఏరాలన్నా అంతే. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర కూరగాయలమ్మే ఆమె కొత్తవాళ్ళకు చెప్పేది: "గుడ్డోడు కాదమ్మా, గట్లనే ఏరుతడు. ఒక్క పుచ్చుది సంచిల పడదు." మీటింగుల్లో కూడా కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఒకసారి కొత్త ఇంజనీరు కోపంగా "నిద్రపోతున్నారా?" అన్నాడు. ఆయన కళ్ళు తెరవకుండానే ఇంజనీరు అప్పటిదాకా చెప్పిన పది మాటలూ వరసగా ఒప్పజెప్పాడు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ లేపలేదు.

నా కళ్ళ ముందు ఆయనకు ప్రాణం మీదికొచ్చింది ఒకసారే. తూము దగ్గర తెగిన నైలాన్ వల కాలికి చుట్టుకుంది. పైన తాడు పట్టుకున్న మాకు రెండు గుంజుళ్ళు వచ్చాయి. ఆగండి అని అర్థం. ఇక ఆ తర్వాత ఏమీ లేదు. ఇరవై నిమిషాలు దాటింది. సిలిండర్‌లో గాలి ఎంతుందో పైనున్న అందరికీ తెలుసు. ఇంజనీరు లాగండి లాగండి అని అరుస్తున్నాడు. పాత మేస్త్రీ ఒకాయన మాత్రం తాడు బిగించనివ్వలేదు. లాగితే ముడి ఇంకా బిగుస్తుందన్నాడు. చివరికి బుడగలు మా వైపు నడుచుకుంటూ వచ్చాయి. ఆయన పైకి తేలి, మోచేతికి నీట్‌గా చుట్టుకున్న వలను నా చేతిలో పెట్టాడు, స్టోర్‌లో జమ చేసుకోమన్నట్టు.

"భయం కాలేదా?" అన్నాను.

"ఫికర్ చేస్తే గాలి దబ్బున అయిపోతది. ముడి ఏడున్నదో చెయ్యితోని అడిగిన. జరసేపటికి చెప్పింది."

రిటైరైన రోజు శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "ముప్పై రెండేండ్లు నీళ్ళల్లనే ఉన్న. నీళ్ళల్ల ఏముంటదో ఒక్కనాడు చూడలే. ఇగ చూస్త" అని కూర్చున్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అది ఉత్తమాట కాదని నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఒక ఆదివారం రమ్మని ఫోన్ చేశాడు. వాళ్ళింట్లో మంచం మీద సామానంతా పరిచి ఉంది. రబ్బరు సూటు, కాళ్ళకు తొడిగే పొడుగు రెక్కలు, అద్దం, గాలి నింపుకునే జాకెట్, రెగ్యులేటర్, టార్చి, చాకు. ఒక్కొక్కటే వెతికి కొన్నాడట, సగం పాతవే. విశాఖలో పని మానేసిన డైవర్ ఒకాయన దగ్గర కొన్ని, బొంబాయి నుంచి కొన్ని.

"అండమాన్ పోదాం తమ్మీ. ఆడ నీళ్ళు అద్దం లెక్క ఉంటయట. నువ్వు తోడు రావాలె. మీ వదిన ఒక్కణ్ణి పంపుతలేదు."

"ఇవన్నీ ఎందుకన్నా మోసుడు? ఆడ కిరాయికిస్తరట గదా."

ఆయన రెగ్యులేటర్ నోటి దగ్గరి రబ్బరు ముక్క మీద వేలు పెట్టాడు. "ఆఫీసుల ముగ్గురు మనుషులకు ఇది ఒక్కటే ఉండె. ఒకని ఎంగిలి ఒకడు. ఒకడు గుట్కా, ఒకడు బీడీ. ఇది నాది."

వదిన వంటింట్లోంచి అంది: "అరవై ఒక్క ఏడు వచ్చినంక ఎంగిలి యాదికొచ్చింది."

చిక్కంతా తూకంతో వచ్చింది. విమానంలో పెద్ద సంచికి పదిహేను కిలోలు, చేతి సంచికి ఏడు. ఇద్దరం ఆ సామానంతా ఆటోలో వేసుకుని బేగంబజార్‌లో ఆయనకు తెలిసిన తాళ్ళ దుకాణానికి వెళ్ళాం. ఆఫీసుకు తాళ్ళు అక్కడే కొనేవాళ్ళం. దుకాణం సేఠ్ సూట్‌కేసును కాంటా మీద పెట్టి చూశాడు.

"పద్దెనిమిదిన్నర. ఏంది డైవర్ సాబ్, రోలు గిట్ల పెట్టినవా?"

"ఉత్త పెట్టె ఎంతుంటదో చూడు సేఠ్."

ఉత్త పెట్టే అయిదు కిలోలుంది. ఆయన దాన్ని అక్కడే వదిలేశాడు. రెండు గల్లీల అవతల షామియానాలు కుట్టే అతని చేత గట్టి కాన్వాసు సంచి ఒకటి కుట్టించాడు, పక్కలకు రెక్కలు సరిగ్గా పట్టేటట్టు కొలతలిచ్చి. అది కిలో కూడా లేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన రోజూ ఆ సంచి సర్దాడు. సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం. ఒక సాయంత్రం నేనూ చూశాను. కళ్ళు మూసుకుని నేల మీద కూర్చున్నాడు. ముందు రబ్బరు సూటును అడుగున మెత్తలా పరిచాడు. రెక్కలు రెండు పక్కలా గోడల్లా నిలబెట్టాడు. జాకెట్లోని గాలంతా మోకాలితో నొక్కి వదిలించి మడిచాడు. అద్దాన్ని దాని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సాక్సులతో చుట్టి, నడిమధ్య కూర్చోబెట్టాడు. చాకు పెద్ద సంచిలోకి పోయింది. టార్చి బ్యాటరీలు తీసి, కొసలకు టేపు వేసి చేతి సంచిలో పెట్టాడు. రెగ్యులేటర్‌ను తువ్వాల్లో చుట్టి, అదీ చేతి సంచిలోనే.

"ఇది పెద్ద సంచిల ఎందుకు పెట్టవు?"

"పెద్ద సంచి ఎవడెవడో ఇసిరేస్తడు. గాలి నాతోనే రావాలె."

"నడుముకు కట్టుకునే సీసం దిమ్మెలో?"

"బరువు ఏడనన్న దొరుకుతది తమ్మీ."

సర్దుతూ సర్దుతూ ఒకచోట ఆయన చెయ్యి ఆగింది. రెక్క లోపల, పాదం దూర్చే చోట, వేళ్ళు ఏదో తడిమాయి. కళ్ళు మూసుకునే అడిగాడు. "ఇదేంది?"

వదిన వంటింట్లోంచి వచ్చింది. ఆయన బయటికి తీశాడు. మూడు ప్లాస్టిక్ కవర్లు చుట్టిన చింతకాయ తొక్కు డబ్బా.

"తీసెయ్యకు," అంది వదిన. "ఆడ ఏం తింటవో ఏమో."

ఆయన డబ్బాను తిరిగి రెక్కలోనే దూర్చి, రెండో ప్యాంటు తీసి పక్కన పెట్టాడు. మర్నాడు సేఠ్ కాంటా మీద సంచి పదిహేనుకు రెండొందల గ్రాములు తక్కువ తూగింది.

ఆయన విమానమెక్కడం అదే మొదలు. తనిఖీ దగ్గర రెగ్యులేటర్‌ను బయటికి తీయించారు. అధికారి అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని లోపలికి తీసుకుపోవడం కుదరదేమో, పై అధికారిని పిలుస్తానన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం బెంచీ మీద కూర్చుని ఎదురుచూశాడు. పై అధికారి వచ్చాక లేచి, ఇత్తడి ముద్దను తన వీపు దగ్గర పెట్టి చూపించాడు. ఇక్కడ సిలిండర్ ఉంటది, గాలి ఇట్ల వస్తది, నోట్లకు ఇట్ల పోతది అని గొట్టం వెంబడి వేలు నడిపించాడు. హిందీలో, తొందర లేకుండా, కొత్తగా చేరిన కూలీకి పని చెప్పినట్టు. ఆ అధికారి మొత్తం విని, తనే తువ్వాల్లో మళ్ళీ చుట్టి ఇచ్చాడు. సరిగా చుట్టలేదని ఆయన విమానంలో కూర్చున్నాక విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో ఒక చిన్న ద్వీపానికి చేరాం. అక్కడ డైవింగ్ చేయించే చోట పాతికేళ్ళ అమ్మాయి ఒకామె ఆయన కాగితాలు చూసింది. డాక్టరు చీటీ, ఆఫీసు వాళ్ళిచ్చిన సర్వీసు సర్టిఫికెట్. ముప్పై రెండేళ్ళా అని రెండుసార్లు అడిగింది. అయినా నియమం ప్రకారం తను పక్కనే ఉంటానంది. ఆయన సరేనన్నాడు. ఆయనకు నియమాలంటే గౌరవం.

మర్నాడు పొద్దున పడవలో సముద్రంలోకి వెళ్ళాం. లంగరు తాడు వెంట దిగాలి. పడవ అంచు నుంచి వంగి చూస్తే నాకే అడుగున ఇసుక కనబడుతోంది, పది మీటర్ల లోతున. ఆయన సూటు తొడుక్కున్నాడు, రెక్కలు వేసుకున్నాడు, సొంత రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాకు బొటనవేలు చూపించబోయి, అది పైకొస్తా అనే సైగ అని గుర్తొచ్చి, వేళ్ళు గుండ్రంగా కలిపి చూపించాడు. దిగాడు.

మూడు నిమిషాలు కూడా కాలేదు. తల పైకొచ్చింది. అద్దం పీకేసి, నిచ్చెన పట్టుకుని, రొప్పుతున్నాడు. ఆ మనిషి రొప్పడం నేనెన్నడూ చూడలేదు. వల చుట్టుకున్ననాడు కూడా.

పైకి లాగాం. రెక్కలు విప్పి పక్కన పెట్టాడు.

"ఏమైందన్నా?"

"పడిపోత అనిపించింది."

"నీళ్ళల్ల ఎవడన్న పడిపోతడా?"

"కింద కనబడితే పడిపోతరు తమ్మీ. పిట్టగోడ లేని మిద్దె మీద నిలబడ్డట్టుంది. ఆ బురదల నాకు కిందనేదే లేకుండె. చెయ్యి అందినంత మట్టుకే నీళ్ళు."

ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, అంకుల్, ఈ వయసులో ఇది మామూలే, రేపు ఒడ్డు దగ్గర నడుము లోతు నీళ్ళలో ముఖం ముంచి చేపలు చూడొచ్చు అని. ఆయన తల ఊపాడు. గదికి వచ్చి సూటును మంచినీళ్ళలో కడిగి ఆరేశాడు. ఆ పూట అన్నం తినలేదు. తొక్కు డబ్బా మూత కూడా తీయలేదు.

రెండో రోజు గాలి లేచింది. పడవలు కదల్లేదు. ఆయన రోజంతా గడప మీద కూర్చుని సముద్రం వైపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నాకు లోలోపల కొంచెం సంతోషమే. మరుసటి రోజు మధ్యాహ్నం పడవకు పోర్ట్ బ్లెయిర్, ఆ తర్వాత పొద్దున విమానం. ఇక గండం గడిచిందనుకున్నాను.

మూడో రోజు తెల్లవారేసరికి సముద్రం చాప పరిచినట్టుంది. ఆయన అప్పటికే సూటు భుజాన వేసుకుని ఆ అమ్మాయి ముందు నిలబడ్డాడు. ఆమె ఒప్పుకోలేదు. నీళ్ళలో లోతుకు దిగినవాళ్ళు దాదాపు ఒక రోజంతా ఆగకుండా విమానం ఎక్కకూడదు. ఒంట్లో చేరిన గాలి పైకెళ్ళాక బుడగలై, మనిషిని పడగొడుతుంది. ఆ సంగతి ఆయనకు ఆమెకంటే ముందే తెలుసు.

"రేపు విమానం ఎక్కను," అన్నాడు హిందీలో. "ఎల్లుండి కూడా కాదు. ఆవలెల్లుండి పోత."

తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు పో తమ్మీ. నీకు ఆఫీసుంది."

"వదినకు ఏం చెప్పాలె నేను?"

ఆయన ఫోన్ తీశాడు. స్పీకర్‌లో పెట్టమని నేనే అన్నాను. మొన్న జరిగింది మొత్తం ఆమెకు చెప్పాడు. ఏదీ దాచలేదు. భయపడ్డ అన్న మాట కూడా చెప్పాడు. అవతల కుక్కర్ కూత వినబడుతోంది. వదిన స్టవ్ ఆపిన చప్పుడైంది.

"కనబడక ముప్పై రెండేండ్లు మునిగినవ్," అంది చివరికి. "ఇంక రెండు దినాలుంటే ఏమైతది. చూసే రా."

నేను ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పెంచుకున్నాను.

పడవలో ఆయన ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఆంఖా బంద్ కర్కే జాతౌం బేటీ. నీచే జాకే ఖోల్తౌం." కళ్ళు మూసుకుని దిగుతా, అడుగుకు పోయినంక తెరుస్తా. ఆమె తన చేతివేళ్ళు చూసుకుంటూ ఆలోచించింది. పక్కనే ఉంటాను, భుజం మీద రెండుసార్లు తడితే ఇసుక వచ్చినట్టు, వద్దనిపిస్తే అప్పుడే పైకి, అంది. ఆయన సరేనన్నాడు.

అద్దంలోంచి చూశాను. నిజంగానే రెప్పలు మూసి ఉన్నాయి. తాడును ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి, కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకుంటూ, మా జలాశయంలో దిగినట్టే దిగాడు. నేను బుడగలు చూస్తూ కూర్చున్నాను. బుడగలు నింపాదిగా వస్తున్నాయంటే మనిషి నింపాదిగా ఉన్నట్టని ఆయనే ఎప్పుడో చెప్పాడు. అడుగున ఆయన మోకాళ్ళ మీద కూర్చోవడం మసగ్గా కనబడింది. కదలకుండా అట్లాగే ఉన్నాడు. బుడగలు ఒక్కసారి గుప్పున వచ్చాయి. నేను పడవ అంచు పట్టుకున్నాను. తర్వాత మళ్ళీ నెమ్మదించాయి.

నలభై నిమిషాలకు పైకొచ్చాడు. అద్దం తీశాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చూసినవన్నా?"

"ముందుగల్ల నా చేతులు కనబడ్డయి. మస్తుసేపు అవే చూసుకుంట కూసున్న. ఆ పోరి చేపలు చూపెడుతనే ఉంది."

రెండు రోజులు అక్కడే ఉన్నాం. రెండో రోజు ఆయన పడవ దగ్గరికి కూడా పోలేదు. సామాను కడిగి, ఆరబెట్టి, తొక్కుతో మూడు పూటలా అన్నం తిన్నాడు. ఇరవై నాలుగు గంటలు దాటేవరకు గడియారం చూస్తూనే ఉన్నాడు.

ఆ మరుసటి చలికాలం ఆయన మళ్ళీ వెళ్ళాడని, ఈసారి వదినను తీసుకుని వెళ్ళాడని నాకు తెలుసు. ఇద్దరి సంచులు సేఠ్ కాంటా మీద తూచినప్పుడు పట్టింది నేనే. తర్వాత మా అమ్మాయి చదువు గొడవల్లో పడి ఆ ప్రయాణం గురించి నేను సరిగా అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ వేసవిలో ఒక పొద్దున, చర్చికి తయారవుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఆయన కూలిపోయాడు.

జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. పాస్టరుగారి ప్రార్థన అయిపోయి, వచ్చినవాళ్ళు భోజనాలకు లేచాక, వదిన దగ్గర కూర్చున్నాను. ఆ రెండో ప్రయాణం సంగతి అడిగాను.

"నన్ను ఒడ్డు దగ్గరనే దింపిండు," అంది. "నడుములోతుకు జర ఎక్కువ. నోట్ల గొట్టం, మొఖానికి అద్దం. నేను కండ్లు మూసుకున్న. చెయ్యి పట్టుకొని లోపటికి వంచిండు. చెయ్యి పిండితే తెరువుమని ముందుగల్లనే చెప్పిండు. పిండిండు. తెరిచిన."

"చేపలు కనబడ్డయా వదినా?"

"ఉన్నయేమో. నేనేడ చూసిన." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "పొద్దున టిఫిన్ కట్టి పంపుతుంటి, పొద్దుమీకి బురదతోని వస్తుండె. ముప్పై రెండేండ్లు. నీళ్ళల్ల ఆ మనిషి ఎట్లుంటడో ఒక్కనాడు చూడలే నేను. ఎదురుంగనే ఉన్నడు. నోట్ల గొట్టమున్నది కాబట్టి కండ్లతోని నవ్వుతున్నడు. ఆయన అటు చూడు అటు చూడు అని వేలు పెట్టి చూపెడుతుంటే, నేను ఆయననే చూసుకుంట ఉన్న."